టాల్‌పడిల్: సాక్షి మాట తప్పిన ఊరు



రెండు ఆదివారాలుగా మనం యాకోబు పత్రిక ఐదవ అధ్యాయం ధ్యానిస్తున్నాం. చేలు కోసినవారికి ఇవ్వకుండా బిగపట్టిన కూలి గురించిన నాలుగవ వచనం దగ్గర పోయిన వారం ఆగాం. ఆరాధన అయ్యాక ఒక యౌవనస్థుడు మా దగ్గరికి వచ్చి అడిగాడు. "అయ్యగారూ, కూలి రేట్ల సంగతి మన సంఘంలో ఎందుకు? అది కూలీల సంఘం వాళ్ళు చూసుకునేది గదా?" ప్రశ్న మంచిదే. మన తెలుగులో చిత్రమేమిటంటే దేవుని మందిరంలో కూడుకునేదాన్నీ సంఘమనే అంటాం, కూలీలు ఒక్కటై పెట్టుకున్నదాన్నీ సంఘమనే అంటాం. ఈ రెండు సంఘాలూ ఒకే మనుషులతో, ఒకే వీధిలో నడిచిన ఒక ఊరు ఇంగ్లాండులో ఉంది. ఆ ఊరి చరిత్రే ఈ వారం చెప్పాలనుకున్నాం. మేము ఆ ఊరు కళ్ళారా చూడలేదు. సెమినరీలో ఉన్నప్పుడు సంఘ చరిత్ర పాఠంలో మొదటిసారి దాని పేరు విన్నాం. తర్వాత చదివి తెలుసుకున్నాం.

ఊరి పేరు టాల్‌పడిల్. ఇంగ్లాండుకు దక్షిణాన డోర్సెట్ అనే జిల్లాలో, డోర్చెస్టర్ పట్టణానికి తూర్పుగా ఏడు మైళ్ళ దూరంలో ఉంటుంది. పిడిల్ అని ఒక సన్నని ఏరు. ఆ ఏటి వెంబడి ఉన్న చాలా ఊళ్ళకు పేరులో పడిల్ అనో పిడిల్ అనో తగులుతుంది. పడిల్‌టౌన్, అఫ్‌పడిల్, పిడిల్‌హింటన్, ఇలా. మన దగ్గర ఒకే వాగు ఒడ్డు పల్లెల పేర్లు ఒకదానికొకటి చుట్టాలైనట్టు. టాల్‌పడిల్‌లో ముందున్న "టాల్" ఒక స్త్రీ పేరు నుండి వచ్చింది. వెయ్యేళ్ళ కిందట తోలా అనే విధవరాలు ఈ భూమిని అబాట్స్‌బరీ అనే మఠానికి దానంగా రాసిచ్చింది. రాజుల పేర్లు, సైన్యాధిపతుల పేర్లు కాక, దేవుని పనికి ఇచ్చిన ఒక విధవరాలి పేరు ఊరికి నిలిచిపోయిందంటే మాకు చాలా సంతోషమనిపించింది.

చుట్టూ సుద్దరాతి గుట్టలు, వాటిమీద గొర్రెలు, దిగువన గోధుమ, బార్లీ పొలాలు. గడ్డి కప్పిన కుటీరాలు. మధ్యలో రాతితో కట్టిన పాత దేవాలయం, సెయింట్ జాన్స్. ఇప్పటికీ ఊరి జనాభా కొన్ని వందలే. పైకి చూస్తే క్యాలెండరు బొమ్మలాంటి ఊరు. కానీ రెండు వందల ఏళ్ళ కిందట ఆ గడ్డి కప్పుల కింద ఆకలి ఉండేది.

అక్కడి ఏర్పాటు మనవాళ్ళకు చెప్పకుండానే అర్థమవుతుంది. భూమి పెద్ద దొరలది. దొరల దగ్గర కౌలుకు తీసుకుని సేద్యం చేయించేవారు రైతులు. రైతుల దగ్గర వారపు కూలికి పనిచేసేవారు పాలేర్లు. పాలేరు ఉండే కుటీరం కూడా చాలాచోట్ల రైతుదే. మాట తేడా వస్తే పనితోపాటు ఇల్లు కూడా పోతుంది. ఊరుమ్మడి పచ్చికబయళ్ళు ఉన్నకాలంలో ఒక ఆవునో నాలుగు కోళ్ళనో పెంచుకుని బతికినవారికి, ఆ బయళ్ళకు కంచెలు పడ్డాక కూలి తప్ప మరో ఆధారం లేకపోయింది. చలికాలంలో కంకులు కొట్టే పని ఒకటి మిగిలి ఉండేది. నూర్పిడి యంత్రాలు వచ్చి దాన్నీ తీసుకుపోయాయి. 1830లో దక్షిణ ఇంగ్లాండు పాలేర్లు తిరగబడి ఆ యంత్రాలను విరగ్గొట్టారు. గడ్డివాములు తగలబెట్టారు. ప్రభుత్వం 19 మందిని ఉరితీసింది, దాదాపు 500 మందిని సముద్రాల అవతలి శిక్షా స్థలాలకు పంపింది.

ఇలాంటి ఊళ్ళో దేవుని పేరు చెప్పే చోట్లు రెండు. ఒకటి సెయింట్ జాన్స్ దేవాలయం. అది ప్రభుత్వపు ఆంగ్లికన్ సంఘం, దాని కాపరిని వికార్ అంటారు. దొరలూ రైతులూ ముందు వరుసల్లో కూర్చునేది అక్కడ. రెండోది 1818లో మెథడిస్టులు కట్టుకున్న చిన్న ప్రార్థనా మందిరం. మట్టి గోడలు, ఒకే గది. దాన్ని కట్టిన చేతులు పాలేర్ల చేతులే. ఇక్కడ ఒక మాట. మన మెదక్ ప్రాంతానికి సువార్త తెచ్చింది ఈ వెస్లియన్ మెథడిస్టులే. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ మహాదేవాలయాన్ని కట్టించిన చార్లెస్ పాస్నెట్ దొరగారు ఆ సంఘంవారే. కాబట్టి టాల్‌పడిల్ మట్టి మందిరం మనకు మరీ పరాయిది కాదు.

ఆ మందిరంలో జార్జ్ లవ్‌లెస్ అనే పాలేరు ఉండేవాడు. ఆరు రోజులు నాగలి పట్టేవాడు, ఏడో రోజు వాక్యం చెప్పేవాడు. సెమినరీ ఎక్కడిది! తనంతట తాను చదువు నేర్చుకున్నాడు. ఏడెనిమిది షిల్లింగుల కూలిలోంచి మిగిల్చి వేదాంత పుస్తకాలు కొనుక్కుని చిన్న గ్రంథాలయం చేసుకున్నాడు. (లవ్‌లెస్ అంటే ఇంగ్లీషులో ప్రేమ లేనివాడని అర్థం వస్తుంది. ఇంటిపేర్లతో మనుషులను తూచకూడదని ఇందుకే అంటాం.) ఆయన తమ్ముడు జేమ్స్ కూడా ప్రసంగీకుడే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాం. 1831, 32 ప్రాంతంలో కూలి పెంచమని పాలేర్లు అడిగారు. గొడవ ఏమీ జరగలేదు. రైతులూ పాలేర్లూ ఒకచోట కూడారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎంత ఇస్తే ఇక్కడా అంత ఇస్తామని రైతులు ఒప్పుకున్నారు. రెండు గంటలు కూడా పట్టలేదని లవ్‌లెస్ తర్వాత రాసుకున్నాడు. అక్కడ ఊరి వికార్ కూడా ఉన్నాడు. ఎవరూ అడగకుండానే ఆయన ముందుకు వచ్చాడు. మీకూ మీ యజమానులకూ మధ్య నేను సాక్షిని, నిమ్మళంగా పనికి వెళ్ళండి, వారు మాట తప్పితే మీకు న్యాయం జరిగేలా నేను చూస్తానని దేవుని పేరు పెట్టి చెప్పాడు. పాలేర్లు ఆ మాట నమ్మి పనికి వెళ్ళారు.

చుట్టుపక్కల వారానికి పది షిల్లింగులు ఇచ్చారు. టాల్‌పడిల్‌లో తొమ్మిదే ఇచ్చారు. కొన్ని నెలలకు అది ఎనిమిది అయింది. పాలేర్లు మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళారు. మొరపెట్టుకోవడానికి నియమించుకున్నవారిలో లవ్‌లెస్ ఒకడు. యజమాని ఇష్టపడి ఎంత ఇస్తే అంతకే పనిచేయాలి, ఇంత ఇవ్వాలనే చట్టం లేదు, అన్నారు అధికారులు. ఒప్పందం జరిగిందయ్యా, సాక్షి ఉన్నాడయ్యా, అన్నారు వీళ్ళు. వికార్‌ను అడిగితే తనకు ఏమీ తెలియదన్నాడు. ఆ తర్వాత కూలి ఏడు షిల్లింగులైంది. త్వరలో ఆరుకు దించుతామని రైతులు చెప్పారు.

ఇక్కడ మేము కాసేపు ఆగాలి. ఇంగ్లాండు వికార్‌ను తప్పుపట్టడం చాలా సులభం, ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది. మా మొదటి సంఘంలో, పత్తి పండే ఊళ్ళో, ఇలాంటి రోజు మాకూ ఒకటి వచ్చింది. మన సంఘ సహోదరీలే పత్తి ఏరడానికి పోయేవారు. మొదటి ఏరుడు అయ్యాక కిలోకు ఇంత పెంచితేనే రెండో ఏరుడుకు వస్తామని కూర్చున్నారు. ఆసామి మందిరం అరుగు మీదికి వచ్చి సరేనన్నాడు. "అయ్యగారే సాక్షి" అని నవ్వాడు. మేమూ నవ్వి తల ఊపాం. మందిరం స్లాబుకు ఇనుము ఇచ్చింది ఆయనే. రెండో ఏరుడు లెక్క కట్టేటప్పుడు పాత రేటే ఇచ్చాడు. ఆడవాళ్ళు మా ఇంటికి వచ్చారు. "మీరు ఉన్నరు గదా అయ్యగారూ ఆడ?" అని ఒక పెద్దమ్మ అడిగింది. "నేను సరిగా వినలేదమ్మా" అన్నాం. విన్నాం. ప్రతి మాటా విన్నాం.

ఆ పెద్దమ్మ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. ఆ వారం నుంచి ముందు చాప మీద కూర్చోవడం మానేసి గుమ్మం దగ్గర కూర్చుంది. పిడికెడు బియ్యం కానుక మాత్రం ఒక్క వారమూ మానలేదు. ఆ బియ్యం మా ఇంట్లోనే వండుకున్నాం. రెండేళ్ళకు మాకు బదిలీ అయింది. ఆమె దగ్గరికి వెళ్ళి అబద్ధమాడామని ఒప్పుకోవడానికి మాకు ఇంకో ఆరేళ్ళు పట్టింది. అప్పటికి ఆమెకు చూపు మందగించింది. మా గొంతు గుర్తుపట్టి "అన్నం తిన్నరా అయ్యగారూ" అంది. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. క్షమించిందో లేదో ఇప్పటికీ మాకు తెలియదు.

టాల్‌పడిల్ పాలేర్లకు ఇక సాక్షి లేడు, చట్టం లేదు. 1833లో వాళ్ళు వ్యవసాయ కూలీల స్నేహ సంఘం ఒకటి పెట్టుకున్నారు. చేరేటప్పుడు ఒక షిల్లింగు, తర్వాత వారానికి ఒక పెన్నీ. థామస్ స్టాండ్‌ఫీల్డ్ అనే మెథడిస్టు సహోదరుని కుటీరంలో, మేడ మీది గదిలో కూడుకునేవారు. కూలీలు సంఘం పెట్టుకోవడం అప్పటికి నేరం కాదు. దాన్ని నిషేధించిన చట్టాలు 1824లోనే రద్దయ్యాయి. అయితే కొత్తగా చేరేవారి కళ్ళకు గంతలు కట్టి, మోకరింప చేసి, పరిశుద్ధ గ్రంథం మీద రహస్య ప్రమాణం చేయించేవారు. గంతలు విప్పాక గోడమీద ఒక పెద్ద అస్థిపంజరం బొమ్మ చూపించేవారు, మాట తప్పితే నీ అంతం ఇదని. ఆ కాలపు సంఘాలలో ఇలాంటి తంతులు మామూలే. మాకు మాత్రం ఆ బొమ్మ నచ్చదు. ప్రమాణం చేయవద్దన్న ప్రభువు మాట మత్తయి సువార్త ఐదవ అధ్యాయంలో ఉంది. వాక్యం తెలిసిన లవ్‌లెస్ దానికి ఎలా ఒప్పుకున్నాడా అని మేము చాలాసార్లు అనుకున్నాం. ఉత్త మాటకు విలువ లేకుండా పోయిన ఊళ్ళో, తమలో తాము మాట నిలుపుకోవడానికి వాళ్ళకు అంత భయంకరమైన బొమ్మ కావలసి వచ్చిందేమో.

ఆ ప్రమాణమే ఉరితాడులా దొరికింది. జేమ్స్ ఫ్రాంప్టన్ అనే భూస్వామి మేజిస్ట్రేటు హోంమంత్రి మెల్బోర్న్ ప్రభువుకు ఉత్తరాలు రాశాడు. ఏ చట్టం కింద పట్టుకోవాలా అని వెతికి 1797 నాటి ఒక చట్టం బయటికి తీశారు. నావికుల తిరుగుబాటు అణచడానికి చేసిన చట్టమది. రహస్య ప్రమాణాలను నేరమంటుంది. 1834 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున, జార్జ్ పనికి బయలుదేరుతుండగా కానిస్టేబులు వచ్చాడు. జార్జ్, జేమ్స్ లవ్‌లెస్ అన్నదమ్ములు, వారి బావ థామస్ స్టాండ్‌ఫీల్డ్, అతని కొడుకు జాన్, ఇరవై ఏళ్ళ జేమ్స్ బ్రైన్, ఇరవై రెండేళ్ళ జేమ్స్ హామెట్. ఆరుగురినీ డోర్చెస్టర్ దాకా నడిపించుకుపోయారు. హామెట్ తప్ప ఐదుగురూ మెథడిస్టులు. నేరమని చెప్పిన ప్రమాణం జరిగిన రాత్రి హామెట్ అసలు అక్కడ లేడని, ఉన్నది అతని అన్నదమ్ముడని చెబుతారు. అయినా హామెట్ నోరు విప్పలేదు, అతని బదులు తానే వెళ్ళాడు.

జైలులో పాదిరి వీళ్ళను చూడటానికి వచ్చాడు. ఓదార్చడానికి కాదు. మీరు సోమరులు, యజమానులను నాశనం చేయజూశారు, నిజానికి వాళ్ళకంటే మీరే సుఖంగా ఉన్నారు, అన్నాడట. పెద్దమనుషులు మీకోసం ఇంకేం తగ్గించుకోగలరో చెప్పు చూద్దాం, అని అడిగితే, కుందేళ్ళను వేటాడటానికి పెంచే గుర్రాలను తగ్గించుకోవచ్చు, తమవంటి పాదిరిగార్లు జీతం కూడా కొంచెం తగ్గించుకోవచ్చు, అని లవ్‌లెస్ జవాబిచ్చాడు. ఈ భాగం చదివినప్పుడల్లా మాకు నవ్వూ వస్తుంది, తల వంచుకోవాలనీ అనిపిస్తుంది.

మార్చి 17న విచారణ మొదలైంది, 19న తీర్పు వచ్చింది. అభియోగాన్ని పరిశీలించిన పెద్ద జ్యూరీకి నాయకుడు హోంమంత్రి బావమరిదే. మేము ఎవరి పేరూ చెడగొట్టలేదు, ఎవరి ఒంటిమీదా ఆస్తిమీదా చెయ్యి వేయలేదు, మా భార్యాబిడ్డలు ఆకలితో చావకుండా ఒక్కటయ్యాం, అని లవ్‌లెస్ కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆరుగురికీ ఏడేళ్ళ ప్రవాస శిక్ష పడింది. మీరు చేసినదానికి కాదు, ఇతరులకు బుద్ధి రావడానికి, అని న్యాయాధిపతి చెప్పినట్టు లవ్‌లెస్ రాశాడు. జార్జ్‌కు జబ్బు చేసినందువల్ల మిగతావారితో కలిసి వెళ్ళలేకపోయాడు. వారు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌కు, ఆయన వేరే ఓడలో టాస్మానియాకు చేరారు. మూడు నెలలకు పైబడిన ప్రయాణం. హామెట్‌ను ఒక పౌనుకు అమ్మినట్టు పొలం యజమానికి అప్పగించారని తర్వాత అతడే చెప్పుకున్నాడు.

ఇక ఇంటి దగ్గర ఉన్నవారి సంగతి. భార్యలు పారిష్ సహాయం అడిగితే ఇవ్వలేదు. సంఘానికి పెన్నీలు కట్టగలిగినవారికి సహాయం ఎందుకన్నారు. ఆ కుటుంబాలను బతికించింది లండన్‌లో కార్మికులు వసూలు చేసి పంపిన చందాలు. ఏప్రిల్ 21న వేలాదిమంది లండన్ వీధుల్లో శాంతంగా ఊరేగింపుగా నడిచారు. రెండు లక్షలకు పైగా సంతకాలతో అర్జీ తీసుకెళ్ళారు. మెల్బోర్న్ ఆ రోజు దాన్ని తీసుకోలేదు. రెండేళ్ళు పట్టింది. 1836 మార్చిలో పూర్తి క్షమాపణ వచ్చింది. జార్జ్ 1837లో, నలుగురు 1838లో, హామెట్ 1839లో తిరిగి వచ్చారు.

ఐదు కుటుంబాలు టాల్‌పడిల్‌లో స్థిరపడలేదు. కొంతకాలం ఎసెక్స్‌లో కౌలు చేసి, చివరికి కెనడాలోని లండన్ అనే పట్టణం పక్కకు వలస వెళ్ళారు. అక్కడ జార్జ్ మళ్ళీ సేద్యం చేశాడు, మెథడిస్టు మందిరం కట్టడానికి చేయి వేశాడు, 1874లో ప్రభువునందు నిద్రించాడు. పాత సంగతులు అక్కడ ఎక్కువగా చెప్పుకునేవారు కాదంటారు.

ఊరికి తిరిగి వచ్చి అక్కడే బతికినవాడు హామెట్ ఒక్కడే. పొలం పని మానేసి ఇళ్ళు కట్టే కూలిగా పనిచేశాడు. 1875లో వ్యవసాయ కార్మికులు సభ చేసి అతనికి ఒక గడియారం బహూకరించారు. ముసలితనంలో చూపు పోయింది. పిల్లలకు భారం కాకూడదని డోర్చెస్టర్‌లోని పేదల ఆశ్రమానికి తానే వెళ్ళాడు. 1891లో అక్కడే చనిపోయాడు. శరీరాన్ని టాల్‌పడిల్‌కు తెచ్చి సెయింట్ జాన్స్ దేవాలయపు ఆవరణలో, ఒకప్పుడు ఆ వికార్ కాపరిగా ఉన్న దేవాలయపు ఆవరణలో, పాతిపెట్టారు. 1934 దాకా సమాధిమీద చెప్పుకోదగ్గ రాయి లేదు. నూరేళ్ళ జ్ఞాపకార్థం ఎరిక్ గిల్ అనే శిల్పి చెక్కిన రాయి అప్పుడు నిలబెట్టారు. ఆ ఏడే కార్మిక సంఘాలవారు ముసలి పాలేర్ల కోసం ఆరు కుటీరాలు కట్టించారు. ఒక్కో కుటీరానికి ఆరుగురిలో ఒక్కొక్కరి పేరు.

ఇప్పుడు ప్రతి జూలైలో ఆ చిన్న ఊళ్ళో వేలమంది కూడుతారు. బ్యాండు మేళాలతో జెండాలు పట్టుకుని నడుస్తారు, హామెట్ సమాధిమీద పూలు పెడతారు. ఊరి మధ్యలో పాలేర్లు కూడుకునేవారని చెప్పే పెద్ద సికమోర్ చెట్టు ఉంది. దాని వయసు మూడు వందల ఏళ్ళకు పైనే. మెథడిస్టుల మట్టి మందిరం చాలాకాలం వ్యవసాయపు కొట్టంగా పడి ఉంది. తర్వాత కొందరు దాన్ని కొని బాగుచేయడానికి పూనుకున్నారు.

ఆ ఆరుగురిని ఇంగ్లీషువారు మార్టర్స్ అంటారు. మనం హతసాక్షులంటాం. వారిలో ఎవరినీ ఉరితీయలేదు కదా అని మొదట మాకు ఆ మాట సరిపోదనిపించింది. సెమినరీలో గ్రీకు నేర్పిన అయ్యగారు ఆ పదానికి మొదటి అర్థం వట్టి సాక్షి అనే చెప్పేవారు. దేవుని పేరు పెట్టి తానే సాక్షినని నిలబడి, అడిగినప్పుడు తెలియదన్న కాపరికి ఏ శిక్షా పడలేదు. ఒకరికొకరు ఇచ్చుకున్న మాట తప్పనివారు సముద్రం దాటించబడ్డారు. కీర్తన 15 నాలుగవ వచనం ఈ వారం ఇంట్లో తెరిచి చదవండి. నష్టం వచ్చినా మాట మార్చనివాడి సంగతి అక్కడ ఉంది.

అడిగిన ఆ తమ్ముడికి ఇంకొక మాట. వచ్చే శనివారం సాయంత్రం ఈ సీజను నాటు కూలి మాట్లాడుకోవడానికి రైతులూ కూలీలూ మన మందిరం అరుగు మీద కూర్చుంటున్నారు. రెండు వైపులవారూ మమ్మల్ని ఉండమన్నారు. నోటుపుస్తకం తీసుకువస్తాం. అనుకున్న రేటు, తేదీ అందులో రాసి, అందరికీ వినపడేలా చదివి, కింద మా సంతకం పెడతాం. నీకు వీలైతే వచ్చి పక్కన కూర్చో తమ్ముడూ.